మీరు అన్న మనిషి

గొంతు బాబాయికి అమెరికాలో ఓటు లేదు. ఓటు మాట అటుంచి, ఆ దేశంలో ఆయనకు చుట్టమూ లేడు, స్నేహితుడూ లేడు, అక్కడి నేల మీద కాలు పెట్టాలన్న కోరిక బొత్తిగా లేదు. అయినప్పటికీ ఆ దేశానికి అధ్యక్షుడు ఎవరు కావాలన్న విషయంలో ఆయనకు ఒక నిశ్చితాభిప్రాయం ఏర్పడింది. దాని కోసం ఆయన బావమరిదితో పేచీ పెట్టుకున్నారు, ఇంటావిడ చేత చీవాట్లు తిన్నారు, చివరికి తాను కూర్చునే కుర్చీనే పందెం ఒడ్డారు. ఆయన ఎటువంటి మనిషో, ఆ అభిప్రాయం ఎక్కడ పుట్టిందో ముందుగా చెప్పవలసి ఉంది.

ఆయన ఉద్యోగ జీవితమంతా ఒక ప్రభుత్వ కార్యాలయంలో శుద్ధప్రతులు రాయడంలో గడిచింది. పై అధికారి చెప్పిన ఉత్తరాన్ని కొట్టివేత లేకుండా, అక్షరం చెదరకుండా రాసి, ఒకసారి పైకి చదివి వినిపించి, సంతకానికి పెట్టడం ఆయన పని. ఆ ఉత్తరాలలో ప్రతి ఒక్కరూ గౌరవనీయులే. "తమరి సముఖమునకు సవినయముగా విన్నవించునది" అని ఆయన కలం రాస్తూ ఉండగా, ఆ మాటలు చెప్పి రాయించే అధికారి ఆయన కొడుకు ఈడువాడై ఉండి, "ఏమయ్యా, అయిందా? ఇలా పట్రా" అనేవాడు. కాగితం మీద తమరు, గదిలో ఏమయ్యా. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆయన కుర్చీలో కూర్చున్నవారికి గాని తెలియదు. ఆయన ఎన్నడూ ఎదురు చెప్పలేదు. "చిత్తం" అని కాగితం అందించేవారు. సాయంత్రం ఇంటికి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు కాస్త గట్టిగా విడిచేవారు. ఆ చప్పుడును బట్టి ఆనాటి అధికారి ఎవరో ఇంటావిడ లోపలి నుంచే చెప్పగలిగేవారు.

పదవీ విరమణ అయిన తరువాత ఆయనకు మిగిలిన ఆస్తి గొంతు. ఉత్తరాలు చదివి చదివి అది ఒక్క అక్షరాన్ని కూడా మింగని గొంతుగా తయారైంది. టైర్ల దుకాణం పైన మూడో అంతస్తులో ఉన్న ఒక వార్తల చానలువారు ఆ గొంతు విని ఆయనను పనిలో పెట్టుకున్నారు. విదేశాల నాయకులు ఇంగ్లీషులో మాట్లాడుతూ ఉంటే, ఆ మాటల మీద మన మాటలు కప్పి చెప్పడం అక్కడ ఆయన పని. ఊరిలో చాలామందికి ఆయన గొంతు తెలుసు, ముఖం తెలియదు. ఆ విధంగా ఆయనకు గొంతు బాబాయి అన్న పేరు స్థిరపడింది.

ఆ పని చూసినంత తేలిక కాదు. గొంతు గది అంటే గోడలకు పాత దుప్పట్లు, కోడిగుడ్ల అట్టలు అంటించిన ఇరుకు గది. ఫ్యాను తిరిగితే దాని రొద మైకులోకి వస్తుంది గనుక పని జరుగుతున్నంతసేపూ ఫ్యాను ఆపేస్తారు. అంత ఉక్కలోనూ బాబాయి చొక్కా మెడ గుండీ విప్పరు. చెవుల్లో ఇంగ్లీషు పడుతూ ఉంటుంది, నోట మన భాష రావాలి. అవతలి మనిషి మాట ముగించేలోగా మొదలుపెట్టాలి, అయితే ఆ మాట ఎటు తిరుగుతుందో తెలియకుండా మొదలుపెట్టకూడదు. అన్నింటికంటే పెద్ద చిక్కు ఒకటుంది. ఇంగ్లీషులో ఎదుటివారు ఎవరైనా ఒకటే మాట, యూ. న్యాయమూర్తి అయినా యూ, చంటిపిల్ల అయినా యూ, పెంపుడు కుక్క అయినా యూ. మన భాషలో సరిగ్గా అక్కడే దారి చీలుతుంది. నువ్వా, మీరా? ఏదో ఒకటి తేల్చుకోకుండా నోరు ముందుకు సాగదు. రెప్పపాటులో తేల్చాలి.

అమెరికా ఎన్నికలు దగ్గర పడ్డప్పుడు చానలువారు ఇద్దరు అభ్యర్థులనూ ఇద్దరు గొంతులకు పంచారు. ఎప్పుడూ పళ్ళు కనబడేలా ఉండే అభ్యర్థికి నవ్వులాయన అని, మందపాటి కళ్ళద్దాల అభ్యర్థికి అద్దాలాయన అని స్టూడియోలో పేర్లు పడిపోయాయి. నవ్వులాయన గొంతు ఎఫ్ఎంకి వచ్చింది. ఎఫ్ఎం అంటే వెనుక రేడియోలో పాటల కార్యక్రమం నడిపిన హుషారు మనిషి. అద్దాలాయన గొంతు బాబాయికి వచ్చింది. పంచినవారు డెస్కమ్మ, అంటే వార్తల డెస్కు మొత్తానికీ పెద్ద. వయసులో బాబాయి కంటే చాలా చిన్న, పనిలో ఎవరికీ తీసిపోరు.

ఒకనాడు అద్దాలాయన ఏదో బస్సు డిపోకు ప్రచారానికి వెళ్ళారు. అక్కడ బస్సులు కడిగే ఒక ముసలావిడ, చేతిలోని నీళ్ళ గొట్టం కట్టేయకుండానే, కెమెరాలన్నింటి ముందు ఆయనను నిలదీశారు. ప్రతి నాలుగేళ్ళకూ ఒకసారి ఎవరో ఒకరు వచ్చి తన పక్కన ఫొటో దిగుతారనీ, తన నడుము నొప్పి సంగతి ఏ ఒక్కరికీ పట్టదనీ అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిడను పక్కకు తప్పించబోయారు. అద్దాలాయన వాళ్ళను చేత్తో ఆపి, కాసేపు ఊరుకుని, మూడు చిన్న వాక్యాలు చెప్పారు. బాబాయి నోట అవి ఇలా వచ్చాయి:

"తమరన్నది నిజం. నాకు తెలియదు. మీరు చెప్పండి."

ఆ తరువాత ఆవిడ మాట్లాడినంతసేపూ అద్దాలాయన మాట్లాడలేదు. ఇక్కడ ఉక్క గదిలో బాబాయి కూడా కదలకుండా కూర్చున్నారు. 

డెస్కమ్మ తలుపు తీసుకుని వచ్చారు. "బాబాయ్ గారూ, తమరేంటండీ! బస్సులు కడిగే ఆవిడకి అర్జీ రాస్తున్నట్టు!"

"ఎక్కువైందమ్మా. పాత అలవాటు, నోరు జారింది. 'తమరు' తీసేయండి. 'మీరు' మాత్రం ఉంచండి."

"నువ్వు అన్నా పోయేదేముంది? సినిమాల్లో అందరూ అలాగే అంటారుగా. ఎఫ్ఎం కూడా నువ్వు అనే చెప్తున్నాడు."

"అతని మనిషి నువ్వు అనే మనిషేనమ్మా. మా ఆయన కాదు."

మా ఆయన అన్న మాట నోటివెంట వచ్చాక గాని దానిని తాను అన్నట్టు బాబాయికి తెలియలేదు. పక్క గదిలోంచి ఎఫ్ఎం అందుకున్నాడు: "పిన్నిగారికి చెప్పనా బాబాయ్, ఇక్కడ మీకో ఆయన దొరికాడని!"

'తమరు' తీసేసిన ఆ ముక్క సాయంత్రానికల్లా ఫోన్ల వెంట ఊరంతా తిరిగింది. బస్సు కండక్టరు టికెట్టు కొడుతూ "ఎక్కడ దిగాలి? మీరు చెప్పండి" అనేవాడు. దర్జీ కొలతలు తీస్తూ "నాకు తెలియదు, మీరు చెప్పండి" అనేవాడు. వేళాకోళానికే అయినా, ఆ నాలుగు రోజులూ ఊరిలో చాలామంది తమను ఎవరో మీరు అనగా విన్నారు.

బాబాయికి మాత్రం అది వేళాకోళం కాలేదు. అద్దాలాయన ఎక్కడ ఏం మాట్లాడినా వినడం మొదలుపెట్టారు. ఇంట్లో గోడ మీద అమెరికా పటం తగిలించారు. అక్కడి రాష్ట్రాల పేర్లు, కాయగూరల పేర్లంత సులువుగా నోటికి వచ్చాయి.

ఆయన బావమరిది పక్క వీధిలోనే ఉంటాడు. విద్యుత్ శాఖలో పదవీ విరమణ చేసిన మనిషి, అందరూ కరెంటు అంటారు. రోజూ సాయంత్రం అక్కను చూడడానికని వచ్చి, బావను దెప్పి, కాఫీ తాగి వెళ్ళడం అతని దినచర్య.

"ఏం బావా, మీ అద్దాలాయన కులాసానా? పొద్దున ఫోన్ చేశాడా?"

"చేశారు. నిన్ను మాత్రం అడగలేదు."

"సరే, ఒక మాట చెప్పు. నీకు ఓటుందా? లేదు. ఆయన గెలిస్తే మన వీధి లైటు వెలుగుతుందా? వెలగదు. మరెందుకు నీకీ తాపత్రయం?"

"వీధి లైటు నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడే వెలగలేదు. మధ్యలో అమెరికా ఏం చేసింది?"

లోపల ఇంటావిడ నవ్విన చప్పుడు వినిపించింది. కరెంటు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మాట తప్పించకు బావా. ఊరికే నచ్చాడు అంటే కుదరదు. ఒక్క కారణం చెప్పు, ఒక్కటి."

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని, శుద్ధప్రతి చదివి వినిపించే పద్ధతిలో చెప్పారు: "లాభం ఉన్నవాడు ఇచ్చే మద్దతు బేరం. నాకు ఆయన వల్ల వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అంచేత నా మాటే నికార్సయిన మాట. ఇంకోటి విను. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి అక్కడ ఒక సంతకం పెడితే ఇక్కడ మన బజార్లో నూనె ధర మారుతుంది. ఎక్కడో యుద్ధం మొదలవుతుంది, ఎక్కడో ఆగుతుంది. దానికి ముందు నిన్నూ నన్నూ ఎవరైనా అడుగుతారా? అడగరు. మనం వాళ్ళకి లెక్కలో లేం. అందుకని ఆయన లెక్కలో లేని మనిషితో ఎలా మాట్లాడతారో నేను చూశాను. ఇంకేమీ చూడలేదు. బస్సులు కడిగే ఆవిడ లెక్కలో లేని మనిషి. ఆవిణ్ణి ఆయన మీరు అన్నారు. నా కారణం అదీ."

కరెంటు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎవరన్నారు? ఆయన అన్నది యూ! 'మీరు' అన్నది నువ్వు! నీ నోట్లో 'మీరు' తీసి ఆయన నోట్లో పెట్టి, ఆహా ఎంత మర్యాదస్థుడు అని మళ్ళీ నువ్వే మురిసిపోతున్నావు. అద్దంలో చూసుకుని దండం పెట్టుకున్నట్టుంది బావా నీ మద్దతు!"

బాబాయి మళ్ళీ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అది చూసి కరెంటు గెలిచినవాడి దర్జాతో గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అదను చూసుకుని ఇంటావిడ కూడా బయటికి వచ్చారు.

"నాకూ ఓ సందేహం ఉందండీ. బస్సులు కడిగే ఆవిణ్ణి మీరు అన్నాడని ఎవరినో నెత్తిన పెట్టుకున్నారు. బానే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో మీరు నన్నెప్పుడైనా 'మీరు' అన్నారా?"

"నిన్నా? అదేం మాట! నువ్వు అనడంలో చనువుంటుంది. దగ్గరితనం ఉంటుంది."

"అలాగా. అయితే నేనూ దగ్గరవుతా. ఒరేయ్ తమ్ముడూ, కాస్త జరుగు." ఆవిడ చీర చెంగు బొడ్లో దోపుకున్నారు. "ఏమయ్యా, నువ్వు లేచి ఆ బిందె కుళాయి కింద పెట్టు. నీళ్ళు వచ్చే వేళైంది."

ఏమయ్యా అన్న మాట చెవిన పడగానే బాబాయి లేచి నిలబడ్డారు. ఉద్యోగం నాటి అలవాటు. కరెంటు పొట్ట పట్టుకుని నవ్వాడు. బాబాయి నవ్వలేదు, కోప్పడనూ లేదు. బిందె తీసుకుని వెళ్ళి కుళాయి కింద పెట్టారు. అది నిండేదాకా అక్కడే నిలబడి ఆలోచించారు. ఇంటావిడ అడిగినది న్యాయమే. దానికి తన దగ్గర జవాబు లేదు. కాని కరెంటు అన్నదానికి జవాబు ఉండాలి. లేకపోతే తాను ఇన్నాళ్ళుగా ఎవరికి మద్దతు ఇస్తున్నట్టు?

మరునాడు ఆయన వేళకు ముందే గొంతు గదికి వెళ్ళి ఆ బస్సు డిపో ముక్కను మన మాటలు లేకుండా, ఒట్టి ఇంగ్లీషుతో పెట్టించుకుని విన్నారు. వెంటనే నవ్వులాయన మాట్లాడిన ముక్కలూ విన్నారు. నవ్వులాయన ఎదుటి మనిషి మాట సగంలో ఉండగానే భుజం మీద చెయ్యి వేసి యూ అంటారు. అద్దాలాయన అవతలివారి మాట పూర్తయ్యాక, ఇంకా ఏమైనా ఉందేమోనని కాస్త ఆగి, అప్పుడు యూ అంటారు. అనేటప్పుడు గొంతు ఒక మెట్టు దిగుతుంది. బాబాయి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ముఖం తేటపడింది.

అవసరానికి ఆ జవాబు ఆ రోజే పనికి వచ్చింది. నవ్వులాయన అభిమానులు చానలుకు ఫోన్లు మీద ఫోన్లు చేస్తున్నారు. ఒకరి నోట మీరు, ఇంకొకరి నోట నువ్వు పెట్టడం పక్షపాతమని వారి ఆరోపణ. డెస్కమ్మ బాబాయిని పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి మరీ అడిగారు.

"ఒక్క మాట చెప్పండి బాబాయ్ గారూ. ఆ 'మీరు' అందులో ఉందా, మీరు పెట్టారా?"

"ఉందమ్మా."

"ఎక్కడుంది? నేనూ విన్నాను. నాకేం వినపడలేదే."

"ఆవిడ మాటయ్యాక ఆయన ఆగిన తీరు వినండి. నువ్వు అనేవాడికి ఆగే పని లేదు."

"నిదానంగా మాట్లాడే అలవాటేమో. బిడియం కావచ్చు. ఓట్ల కోసం ఎవరో నేర్పి ఉండచ్చు కూడా."

"ఉండచ్చు. నేర్చుకున్నదైనా మర్యాద మర్యాదేనమ్మా. మీరూ నేనూ మాత్రం పుట్టీ పుట్టగానే 'మీరు' అన్నామా? ఎవరో నెత్తి మీద మొట్టితే నేర్చుకున్నాం."

డెస్కమ్మ నవ్వారు గాని మెత్తబడలేదు. "ఇది నా ఇష్టంతో అయ్యేది కాదండీ. ఫోన్లకి జవాబు చెప్పుకోవాల్సింది నేను. ఆగడం, దిగడం అంటే ఎవరు ఒప్పుకుంటారు? రేపటి నుంచి ఇద్దరి నోటా నువ్వే. అందరికీ ఒకటే రూలు."

"అయితే నా నోరు మీకు పనికిరాదు."

"కుర్చీ ఎఫ్ఎంకి ఇవ్వాల్సొస్తుంది బాబాయ్ గారూ. తర్వాత నన్ను అనకూడదు."

"ఇవ్వండమ్మా. కుర్చీ మీది. నాలుక నాది."

ఉద్యోగ జీవితం మొత్తంలో ఆయన నోట అటువంటి మాట వచ్చి ఉండలేదు.  మెట్లు దిగి కిందికి వచ్చి, టైర్ల దుకాణం ముందు నిలబడి, మెడ గుండీ సరిచూసుకుని తలెత్తుకునే ఇంటికి నడిచారు.

కుర్చీ పోలేదు. పోకపోవడానికి కారణం ఆయన వాదన కాదు. చానలు యజమానికి ఆ ముక్క తెగ నచ్చింది. "మీరు చెప్పండి, మేం వింటాం" అని దానితోనే చానలుకు ప్రకటన తయారు చేయించి, బస్టాండు ఎదుట పెద్ద బోర్డు కూడా కట్టించారు. డెస్కమ్మ రూలు ఆ బోర్డు వెనక్కి వెళ్ళిపోయింది. ఎఫ్ఎం వచ్చి చెయ్యి కలిపి "గెలిచారు బాబాయ్" అన్నాడు. బాబాయికి అది గెలుపుగా తోచలేదు. ఉన్నది గనుక 'మీరు' ఉంచాలని ఆయన అన్నారు. జనానికి బాగుంది గనుక వాళ్ళు ఉంచారు. ఆ రెండూ ఒకటి కావని ఆయనకు తెలుసు. కాని బోర్డు మీద అక్షరాలతో వాదించలేరు గదా.

ఎన్నికకు ముందు చివరి చర్చ వచ్చింది. అక్కడ రాత్రి, ఇక్కడ ఉదయం. సభలోని మామూలు మనుషులే లేచి అభ్యర్థులను ప్రశ్నలు అడగాలి. ఇది ప్రత్యక్ష ప్రసారం, మాట జారితే వెనక్కి తీసుకునే వీలు లేదు. బాబాయి, ఎఫ్ఎం ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. గాజు తలుపు అవతల డెస్కమ్మ నిలబడి ఉన్నారు.

మొదట అంతా సాఫీగానే సాగింది. ఒక నర్సు అడిగారు, అద్దాలాయన విన్నారు, ఆగారు, మీరు అన్నారు. అప్పుడు ఒక లారీ డ్రైవరు లేచాడు. మూతపడిన ఒక కర్మాగారం గురించి, దానిని మూయించిన కాగితం మీద అద్దాలాయన సంతకం గురించి అడిగాడు. అద్దాలాయన ఏదో పెద్ద సమాధానం చెప్పారు. డ్రైవరు కూర్చోకుండా, సంతకం మీదా కాదా అదొక్కటి చెప్పమని మళ్ళీ అడిగాడు. అద్దాలాయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. డ్రైవరు మూడోసారి నోరు తెరిచాడు.

అద్దాలాయన ఆగలేదు. ఆ మనిషి మాట సగంలోనే తుంచి, చెయ్యి విదిలించి, రెండు ముక్కలు అన్నారు. బాబాయి నాలుక మీద మీరు సిద్ధంగా ఉంది, కూర్చోండి సిద్ధంగా ఉంది. కాని చెవిలో పడినది అది కాదు. ఆ గొంతు ఆయనకు బాగా తెలుసు. ఇలా పట్రా అనే గొంతు అది. ఎదుట నిలబడి చిత్తం అన్నవాళ్ళు దానిని పోల్చుకోవడంలో పొరపాటు పడరు.

"నువ్వు కూర్చో," అన్నారు బాబాయి మైకులో. "నీ వంతు అయిపోయింది."

బల్లకు అవతల ఎఫ్ఎం కళ్ళు పెద్దవి చేశాడు. గాజు తలుపు వెనక డెస్కమ్మ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు.

చర్చ ముగిసి మైకులు కట్టేయగానే ఎఫ్ఎం "ఏంటి బాబాయ్, మీ దేవుడు మెట్టు దిగాడే!" అన్నాడు.

"దేవుడని నేనెప్పుడూ అనలేదు. మనిషని అన్నాను."

డెస్కమ్మ లోపలికి వచ్చారు. ఈసారి మంచినీళ్ళు లేవు. "బాబాయ్ గారూ, బస్టాండు దగ్గర అంత బోర్డు పెట్టుకున్నాం. పైనుంచి అప్పుడే ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం మళ్ళీ వేస్తాం కదా, ఆ రెండు ముక్కలు మార్చి చెప్పేయండి. 'మీరు కూర్చోండి.' అంతే. ఒక అండి తగిలిస్తే సరిపోతుంది."

"ఆ అండి ఆయన అనలేదమ్మా."

"ఇన్నాళ్ళూ అన్నాడని మీరేగా నాతో పోట్లాడారు!"

"అప్పుడు ఉంది, చెప్పాను. ఇప్పుడు లేదు, చెప్పను. ఇవాళ లేని అండి తగిలించానంటే ఆ రోజు 'మీరు' కూడా నేను తగిలించిందే అయిపోతుంది. మా బావమరిది మాట నిజమైపోతుంది."

"మీ బావమరిది ఎవరండీ మధ్యలో!" డెస్కమ్మ విసుగుతో కుర్చీలో కూలబడ్డారు. "మీరు ఆయన వైపే కదా. ఆయన పరువు కాపాడితే మీకు సంతోషమే కదా."

"ఆయన వైపే. అందుకే ఆయన నోట్లో అబద్ధం పెట్టను. రేపు ఆయన నిజంగా మీరు అన్నప్పుడు ఎవరు నమ్ముతారు?"

"ఇక మాటల్లేవండీ. చెప్తారా, ఎఫ్ఎంతో చెప్పించనా?"

బాబాయి హెడ్‌ఫోన్ల తీగను చుట్ట చుట్టి బల్ల మీద పెట్టారు. "లారీ ఆయన అడిగింది సరైన ప్రశ్న. ఆయన్ని నువ్వు కూర్చో అన్నారు. అన్న మాట అన్నట్టు జనానికి తెలియాలి. మీ ఇష్టం అమ్మా."

ఎఫ్ఎం ఇబ్బందిగా నవ్వుతూ మైకు ముందుకు జరిగాడు. "రెండు ముక్కలు బాబాయ్, దీనికింత రాద్ధాంతమా! మీ గొంతులాగే అనేస్తా, ఎవరికీ తెలీదు." అని నిజంగానే బాబాయి గొంతును దింపేశాడు. మీరు కూర్చోండి అన్న ఆ మాట తన గొంతులోనే తన వెనక వినబడుతూ ఉండగా బాబాయి బయటికి వచ్చారు. గుమ్మం దాకా వచ్చి డెస్కమ్మ, ఇకమీదట వాతావరణం చదవవచ్చునని, వానతో నువ్వు మీరు పేచీ రాదని కాస్త మెత్తగానే అన్నారు. ఆయన చేతులు జోడించి, ఆ ఎన్నిక ముగిసేదాకా రానని, ముగిశాక పిలవాలో వద్దో ఆమె ఇష్టమని చెప్పి మెట్లు దిగారు.

కుర్చీ పోయింది. ఆ కబురు బాబాయి కంటే ముందే ఇంటికి చేరింది. కరెంటు అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

"విన్నాను బావా, పొద్దున లైవులో విన్నాను! నీ 'మీరు' మనిషి 'నువ్వు' అన్నాడుగా! అదీ నీ నోటితోనే!"

"అన్నారు. తప్పు."

అంత తొందరగా ఒప్పుకుంటారని కరెంటు అనుకోలేదు. "మరి ఇంక మద్దతు లేనట్టేగా" అన్నాడు.

"ఉంది."

"ఉందా! సిగ్గులేదూ?"

"నువ్వేమన్నావు? నా నోట్లో 'మీరు' తీసి ఆయన నోట్లో పెట్టానన్నావు. అలాగే పెట్టేవాణ్ణయితే పొద్దున కూడా 'మీరే' పెట్టేవాణ్ణి. నా మనిషి, నా మైకు, ఎవరడ్డం? పెట్టలేదు. ఈ 'నువ్వు' ఆయనదని నువ్వే నవ్వుతున్నావు. ఇది ఆయనదైతే ఆ 'మీరు' కూడా ఆయనదే. రెండిట్లో నీకు కావాల్సింది ఒకటే ఏరుకోకు."

కరెంటు దారి మార్చాడు. "మరి తప్పు చేశాడని నువ్వే అంటున్నావు."

"తప్పు చేయని మనిషికే మద్దతిస్తానని నేనెప్పుడైనా అన్నానా? అలాంటివాడి కోసం కూర్చునే రకాన్నయితే మీ ఇంటి అల్లుణ్ణి అయ్యేవాణ్ణి కాదు. నాకూ ఆయన మీద కోపంగానే ఉంది. అయినా ఆగి వినడం తెలిసిన మనిషి ఒక పూట ఆగలేదు. అసలు ఆగడమే తెలియని మనిషి కంటే ఆయన నయం. నా ఓటు ఆయనకే."

"నీకు ఓటు లేదు బావా!"

"లేదు కాబట్టే ఎవరూ లాక్కోలేరు."

లోపల నుంచి ఇంటావిడ అన్నారు: "వాడితో వాదన తర్వాత. ముందు వచ్చి అన్నం తినండి. కుర్చీ పోయిన మనిషి పీట మీద కూర్చుంటే ఏమీ కాదు."

ఎన్నిక జరిగింది. లెక్కింపు సాగుతున్నంతసేపూ బాబాయి గోడ మీది పటం ముందు నిలబడి రాష్ట్రాలను ఒక్కొక్కటిగా చూసుకున్నారు. మధ్యాహ్నానికి తేలిపోయింది. అద్దాలాయన ఓడిపోయారు. కరెంటు వచ్చి, దెప్పుదామని వచ్చినవాడే, బావ ముఖం చూసి చాప మీద చతికిలబడ్డాడు.

ఓడిన అభ్యర్థి మాట్లాడబోతున్నారని టీవీలో చెప్పారు. అద్దాలాయన వేదిక ఎక్కారు. పెదవులు కదిలాయి. బయటికి వచ్చిన గొంతు ఎఫ్ఎంది. హుషారైన గొంతు. ఓటమి గురించి చెబుతూ ఉంటే పాట కోరిన శ్రోత పేరు చదువుతున్నట్టుగా ఉంది.

ఇంటావిడ కాసేపు విని, లేచి వెళ్ళి టీవీ శబ్దం పూర్తిగా తగ్గించేశారు. తన ఫోనులో వెతికి, అదే ప్రసంగం ఇంగ్లీషులో వస్తున్న చోటు పట్టుకుని, భర్త ఒళ్ళో పెట్టారు. "వాడి గొంతు ఆయనకి నప్పలేదండీ. మీరే వినిపించండి. నాకూ, తమ్ముడికీ."

"మైకు లేదుగా."

"మాకు చెవులున్నాయిగా."

బాబాయి ఫోనును చెవికి ఆనించుకున్నారు. మెడ గుండీ పెట్టుకున్నారు. కరెంటు లేచి ఎవరూ చెప్పకుండానే ఫ్యాను ఆపి వచ్చాడు. టీవీలో శబ్దం లేకుండా కదులుతున్న ముఖాన్ని చూస్తూ, చెవిలోని మాటను పట్టుకుని, ఆయన మొదలుపెట్టారు. గెలుస్తానని అనుకున్నానని, గెలవలేదని, తన కోసం ఇంటింటికీ తిరిగినవారికి రుణపడి ఉన్నానని అద్దాలాయన చెప్పారు. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా వణుకు లేదు. గది ఉక్కపోసింది. ముగ్గురికీ చెమటలు పట్టాయి. ఎవరూ లేవలేదు.

అద్దాలాయన గెలిచిన నవ్వులాయన వైపు తిరిగినట్టుగా కెమెరాలోకి సూటిగా చూసి, ఆగారు. బాబాయి కూడా ఆగారు.

కరెంటు ఉండబట్టలేకపోయాడు. చాప మీద నుంచి ముందుకు వంగి గుసగుసగా అడిగాడు: "బావా, ఇప్పుడు నవ్వులాయన్ని ఏమంటాడు? మీరా, నువ్వా?"

బాబాయి అతనివైపు చూడలేదు. చెయ్యెత్తి ఆపారు.

"నువ్వు కాసేపు నోరు మూసుకో. ఆయన ఇంకా మాట్లాడుతున్నారు."